కుడివైపు బోను

సోంపేట కోర్టులో సాక్షుల బోను
ఎడం నుంచి కుడికి జరిగింది,
ఆయన ఛార్జీ తీసుకున్న రెండో రోజునే.
కారణం ఏ ఫైల్లోనూ లేదు.
వడ్రంగి గవరయ్యకిచ్చిన నలభై రూపాయలూ
ఆయన జేబులోంచే. చేతిలో పెట్టింది నేను.

సనపల కూర్మారావు గారు.
అంతకు ముందు శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర
సైకిలు షాపు మీది గదిలో ప్లీడరు.
ఫీజు కింద జీడిపప్పు తీసుకున్న రోజులూ ఉన్నాయంట.
దానికీ ముందు మిలటరీలో తీగలు పరిచే పని.
డెబ్బయ్యొకటి డిసెంబరు, తూర్పు సరిహద్దు,
ఎవరిదో చెరకుతోట.
తీగచుట్ట భుజాన వేసుకుని పాకుతూ వెళ్ళి
ఎడం చెవి అక్కడ వదిలేసి వచ్చారు.
చెవంటే చెవి కాదు. చెవి ఉంది,
గుబిలి కూడా తీసుకునేవారు.
వినికిడి పోయింది.

నేను డఫేదారుని, ముఖలింగాన్ని.
పేర్లు మూడేసిసార్లు కేకెయ్యడం నా నౌకరీ.
నా కేక బస్సు కాంప్లెక్సు దాకా వెళ్తుందని పేరు.
"కొంచెం తగ్గించు ముఖలింగం,
రుణం ఎగ్గొట్టినవాడూ, రుణం ఇచ్చినవాడూ
ఇద్దరూ ఒకేలా అదిరిపడుతున్నారు" అన్నారొకసారి.
చెవిటాయనకి వీడి కేక ఎక్కువైందిరా అని
బార్ రూములో వారం రోజులు నవ్వుకున్నారు.

జీడితోట గట్టు కేసులో
ఒకడికి మణికట్టు దాకా తెగిపోయింది.
"ఆడే బాబూ. కళ్ళారా సూసినాను."
"వెన్నెలుందా?"
"నేదు బాబూ."
"లాంతరు?"
"నేదు. అయితే ఏటి? ఆడి నడక నాకు తెల్దా?"
రాస్తున్న కలం ఆగింది.
ఫ్యాను తిరుగుతోంది, కాయితాలు కొట్టుకుంటున్నాయి.
మధ్యాహ్నం ఛాంబర్లో మజ్జిగ గ్లాసు అందిస్తే
తాగకుండా పట్టుకుని అన్నారు:
"నేనూ ఒకసారి చూశాను ముఖలింగం. కళ్ళారా."
ఆ తరవాత మాట ఏదో ఉంది.
అడగడం నా ఉద్యోగం కాదు.

ముద్దాయిని వదిలేశారు.

చెయ్యి పోయినవాడి పెళ్ళాం
జీపు ఎక్కుతున్న ఆయన్ని మెట్ల కింద నిలబడి తిట్టింది,
తిట్టి, మట్టి తీసి ఎగరేసింది.
ఎడంవైపునుంచి. వినపడలేదులే అనుకున్నాను.
సాయంత్రం దీపాలు పెట్టే వేళ అడిగారు:
"ఆవిడ పేరు రికార్డులో ఉందా?"
పేరు లేదు. ఫలానావాడి భార్య అని ఉంది.
ఆ నెల జీతంలోంచి ఏదో కవరులో పెట్టి
నన్ను బారువ దారిలో ఆ ఊరికి పంపారు.
ఆవిడ గేదెకి కుడితి పెడుతోంది.
కవరు వైపు చూసి, మళ్ళీ కుడితి కలుపుకుంది.
తిరిగి తెచ్చిచ్చాను. ఆయన లెక్కపెట్టుకోలేదు.

బదిలీ అయ్యారు. వచ్చిన జడ్జీ గారు
బోనుని మళ్ళీ ఎడంవైపుకి జరిపించారు,
వాస్తు అన్నారు.

రిటైరయ్యాక చాన్నాళ్ళకి
ఒక సిపాయి పెళ్ళాం వారసత్వం కాయితం కోసం
నల్లకోటు వేసుకుని అదే హాల్లోకి వచ్చారు.
జడ్జీగా ఉన్నది కుర్రవాడు. మంచివాడే.
ప్రశ్న వేసినప్పుడల్లా ఈయన
మొహం గోడకేసి తిప్పుతున్నారు.
"ప్లీడరు గారూ, ఇటు చూసి మాట్లాడండి."
కుడిచెవి అటు పెట్టారని నేను చెప్పబోయాను.
చెయ్యి చూపించి ఆపేశారు.
తిన్నగా నిలబడి, సగం వింటూ,
సగం పెదాలు చదువుకుంటూ
కేసు నడిపించారు. కాయితం వచ్చింది.

మొన్న ఆషాఢంలో పోయారు.
ఉద్దానం ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చారు,
పదిహేను ఇరవైమంది, తెల్లవారకుండానే.
ప్లాస్టిక్ కవర్లలో పింఛను కాయితాలు
చంకలో పెట్టుకుని మరీ వచ్చారు.
ఎందుకు తెచ్చారమ్మా అంటే
వాళ్ళకీ తెలీదు.
వరండాలో చాప మీద ఆయన,
వాన జల్లు కొడుతోంది, ఇరుకు.
"ఎటేపు నిలబడాల బాబూ?" అంది
అందరికన్న ముందున్న ముసలావిడ.

ముప్పయ్యేళ్ళ అలవాటు.
"కుడివైపు రండమ్మా" అన్నాను.
కేకెయ్యలేదు.